నిజం చెప్పింది పామేనా? ఏదెను తోట మీద తిరుగుతున్న ఒక సందేశానికి ఖండన

హైదరాబాదు, సికింద్రాబాదు సంఘాల వాట్సాప్ గ్రూపులలో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతున్నది. యౌవనస్థుల గ్రూపులలో మొదలై ఇప్పుడు స్త్రీల సమాజం గ్రూపుల దాకా చేరింది. దాని సారాంశం ఇది: పండు తిన్న దినమే చస్తావని దేవుడు ఆదాముతో అన్నాడు, కాని ఆదాము 930 ఏండ్లు బ్రతికాడు, కాబట్టి ఏదెనులో నిజం చెప్పింది పామే, ఒక్క పండు కోసం దేవుడు మనుషులను శపించి, తోట నుంచి గెంటివేసి, వాళ్ల ఖర్మకు వాళ్లను వదిలేశాడు, ఎవరో చేసిన తప్పుకు ఇంకా పుట్టని బిడ్డలను దోషులను చేశాడు, మొదటి ఏర్పాటు చెడిపోయాక సర్దుబాటుగా క్రీస్తును పంపాడు, ఇటువంటి దేవుణ్ణి నమ్మదగినవాడని ప్రతి ఆదివారం పాడుకోవడంలో అర్థమేమిటి?

దీనికి విశ్వాసులు ఇస్తున్న జవాబులు కూడా చూశాను. ఎక్కువమంది చెప్పేది, దేవుడు ప్రేమగలవాడు గనుక చంపుతానన్నా జాలిపడి, మనసు మార్చుకొని వదిలేశాడని. ఈ జవాబు ఆరోపణ కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. దేవుడు మాట తప్పాడన్న సంగతిని అది ఒప్పుకుంటూనే, తప్పిన కారణం మంచిదని మాత్రం అంటున్నది. ఒకసారి జాలితో మాట తప్పినవాడు ఇంకొకసారి విసుగుతో తప్పడని హామీ ఏమిటి? లేఖనం చెప్పే నమ్మకత్వం ఇది కాదు. ఆయన పలికిన తీర్పూ నిలుస్తుంది, ఆయన చేసిన వాగ్దానమూ నిలుస్తుంది, తీర్పు పొందినవాళ్లను ఆయన విడిచిపెట్టడు. ఈ మూడింటినీ కలిపి పట్టుకుంటే తప్ప, ఏదెను కథ ఉన్న ఆదికాండము మూడవ అధ్యాయం అర్థం కాదు.

ముందుగా 930 ఏండ్ల సంగతి. ఆ సంఖ్యను అక్షరార్థంగా తీసుకోవాలా వద్దా అన్నది వేరే చర్చ; సందేశం అక్షరార్థంగానే తీసుకున్నది గనుక నేనూ అలాగే తీసుకుంటాను. "నీవు వాటిని తిను దినమున నిశ్చయముగా చచ్చెదవు" అన్న మాట ఆజ్ఞతో పాటు వినిపించిన మరణశిక్ష. అటువంటి శిక్ష బైబిలులో ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి 1 రాజులు రెండవ అధ్యాయంలో షిమీ అనే మనిషి కథ ఉన్నది. యెరూషలేము దాటి వెళ్లవద్దనీ, కిద్రోను వాగు దాటిన దినాన తప్పక చస్తావనీ సొలొమోను రాజు అతనికి చెప్పాడు. మూడేండ్ల తరువాత, పారిపోయిన దాసులను వెదుక్కుంటూ షిమీ గాతుకు వెళ్లి, వాళ్లను పట్టుకొని ఇంటికి తిరిగి వచ్చాడు. ఆ తరువాతే రాజుకు కబురు అందింది, రాజు పిలిపించి నిలదీశాడు, రాజు ఆజ్ఞ మీద బెనాయా అనేవాడు అతణ్ణి చంపాడు. ఆ ఆలస్యాన్ని చూపి సొలొమోను మాట తప్పాడని ఆ కథ చదివినవాళ్లెవరూ అనరు. గీత దాటిన దినాన అతడి చావు ఖాయమైంది, అమలు తరువాత జరిగింది. ఆదాము విషయంలోనూ అంతే. జీవవృక్షానికి దారి ఆ దినమే మూసుకుపోయింది, "నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు" అన్న తీర్పు ఆ దినమే వెలువడింది. సందేశం రాసినవారు 930 అన్న అంకెను ఐదవ అధ్యాయం నుంచే తీసుకున్నారు, కాని అదే వచనం చివరన ఉన్న "మృతిబొందెను" అన్న మాటను చదవలేదు. ఆ అధ్యాయంలో ఆ మాట ఎనిమిది సార్లు వస్తుంది. ఒక్క హనోకు దగ్గర తప్ప ప్రతి తరం చివరా అదే మాట.

పాము చెప్పినదంతా అబద్ధమని నేను అనను. కన్నులు తెరవబడతాయన్నది, తెరవబడ్డాయి. మంచి చెడ్డలు ఎరుగుతారన్నది, దేవుడే 3:22లో ఆ సంగతి అంటాడు. అబద్ధం ఉన్నది "మీరు చావనే చావరు" అన్న ఒక్క వాక్యంలో. ఆ వాక్యం సంగతి తేల్చుకోవాలంటే విభూతి బుధవారం నాడు సికింద్రాబాదు సెయింట్ మేరీస్ బసిలికాకు వెళ్లి చూడవచ్చు. నడుస్తున్న బిడ్డ మొదలు కర్ర ఊతగా వచ్చిన తాత వరకు అందరి నుదుటా బూడిద పడుతుంది, మన్నై తిరిగి మన్నులో కలిసిపోతావన్న మాట ఆ ఆరాధనలో చెవిన పడుతుంది. కాదనేవారు ఆ వరుసలో ఒక్కరూ ఉండరు.

ఒక్క పండు అన్న వెటకారానికి ఎక్కువ స్థలం అక్కరలేదు. తోటలోని ప్రతి చెట్టునూ ఇచ్చి ఒక్కదాన్ని మినహాయించిన కథలో ప్రశ్న పండు విలువ గురించి కాదు, ఇచ్చినవాని మాట మీద నమ్మకం గురించి.

ఇక శపించి వదిలేశాడన్న మాట. మూడవ అధ్యాయాన్ని నెమ్మదిగా చదివితే శాపం రెండు చోట్లనే కనబడుతుంది: పాము మీద, నేల మీద. "నీ నిమిత్తము నేల శపింపబడియున్నది" అని ఆదాముతో అన్నాడు గాని, నీవు శపింపబడ్డావని అనలేదు. స్త్రీకి ప్రసవవేదన, పురుషునికి చెమటోడ్చే కష్టం వచ్చాయి. అవి చిన్నవని కాదు, అవి శిక్షలే. కాని తీర్పు చెప్పిన వెంటనే ఆయన చేసిన పని ఏమిటి? చర్మపు చొక్కాయిలు చేయించి తొడిగించాడు. వాళ్లు కుట్టుకున్న అంజూరపు ఆకులు ఒక్క పూట కూడా ఆగవని ఆయనకు తెలుసు. వదిలేసేవాడు బట్టలు తొడగడు. తోట బయట కూడా ఇదే వరస. మొదటి బిడ్డ పుట్టినప్పుడు హవ్వ యెహోవా దయను తలచుకుంటుంది. తమ్ముణ్ణి చంపిన కయీనుకు సైతం, ఎవరూ చంపకుండా ఒక గురుతు వేస్తాడు. కయీను శిక్ష రద్దు కాలేదు, కయీనూ రక్షణ లేకుండా పోలేదు.

తోట నుంచి పంపివేయడానికి కారణం కూడా వచనంలోనే ఉన్నది: మనిషి జీవవృక్షం పండు తిని ఆ స్థితిలోనే నిరంతరం బ్రతకకూడదని. 2వ శతాబ్దంలో లియోను నగరానికి బిషప్పుగా ఉన్న ఇరేనియసు దీనిని జాలి అన్నాడు. పాపం చావులేనిది కాకుండా, దానికి ఒక చివర ఉండేలా దేవుడు చేశాడని అతని వివరణ. నాకు ఇది సరైన పఠనమనిపిస్తుంది. వదిలేశాడన్న ఆరోపణకు అసలు జవాబు మాత్రం జలప్రళయం కథలో ఉన్నది. ఆరవ అధ్యాయంలో నరుల హృదయపు ఊహ ఎల్లప్పుడూ చెడ్డదని చూసి దేవుడు తీర్పు తెస్తాడు. ఎనిమిదవ అధ్యాయంలో నీళ్లు తగ్గాక, "ఇకమీదట నరులనుబట్టి భూమిని మరల శపించను" అని చెప్పి, అందుకు చూపే కారణం కూడా అదే: నరుల హృదయాలోచన బాల్యం నుంచి చెడ్డది. నీళ్లు మనిషిని కడిగి మార్చలేదు, ఆ సంగతి దేవునికి తెలుసు, తెలిసే మాట ఇచ్చాడు. తరువాత మనం ఏం చేస్తామో తెలియక ఇచ్చిన వాగ్దానమైతే ఏదో ఒకనాడు వెనక్కు పోవచ్చు. ఇది అటువంటిది కాదు.

అబ్రాముతో చేసిన నిబంధనలోనూ ఇదే. ఆదికాండము పదిహేనవ అధ్యాయంలో జంతువులను రెండుగా ఖండించి ఎదురెదురుగా పెట్టారు. నిబంధన చేసేవాళ్లు ఆ ఖండాల మధ్య నడవడం, మాట తప్పితే మాకూ ఈ గతే పట్టుగాక అని ఒప్పుకోవడం. యిర్మీయా 34వ అధ్యాయంలో ఆ ఆచారం కనబడుతుంది. అక్కడ అబ్రాము నడవలేదు. అతడు గాఢనిద్రలో ఉండగా పొగ లేస్తున్న పొయ్యి, మండే జ్వాల మాత్రమే ఆ ఖండాల మధ్య వెళ్లాయి. మాట తప్పినవారికి పట్టే గతిని దేవుడు ఒక్కడే తన మీద వేసుకున్నాడు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మన సంఘాలు చాలావాటిలో వాగ్దానపు కార్డులు పంచుతారు. కొత్త సంవత్సరానికి దేవుడు ఇచ్చిన మాటగా దాన్ని బీరువా తలుపుకో, ఫోను కవరు వెనకో పెట్టుకుంటాము. ఆ కార్డులలో తరచుగా కనబడే వచనం విలాపవాక్యములు 3:23: "నీవు ఎంతైన నమ్మదగినవాడవు." అది ఎప్పుడు, ఎవరు అన్న మాట? క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును కూల్చి, ఆలయాన్ని తగలబెట్టిన తరువాత, పసిపిల్లలు వీధుల్లో ఆకలితో సొమ్మసిల్లుతున్న పట్టణం మధ్య నుంచి వచ్చిన మాట. అదే గ్రంథం రెండవ అధ్యాయంలో, పూర్వకాలంలో తాను చెప్పిన మాటనే యెహోవా నెరవేర్చాడని రాసి ఉన్నది. అంటే ఆ కవి దృష్టిలో పట్టణం కూలడమూ దేవుడు మాట నిలబెట్టుకోవడమే, కూలిన పట్టణంలో జనం నిర్మూలం కాకపోవడమూ ఆయన వాత్సల్యమే. కార్డు మీద రెండవ సగం మాత్రమే అచ్చవుతుంది. మొదటి సగం ఎన్నడూ చదవని యువకునికి వాట్సాప్‌లో 930 ఏండ్ల లెక్క ఎదురైతే కాళ్ల కింద నేల కదలడంలో ఆశ్చర్యం లేదు. తప్పు అతనిది కాదు, కార్డులు ఎంపిక చేసే మనది.

పుట్టని బిడ్డల మీద దోషం మోపాడన్న ఆరోపణ ఈ సందేశంలో బలమైనది, దీన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. అయితే సందేశం రెండు వేర్వేరు సంగతులను ఒకటిగా కలిపింది. అనంతగిరి కొండలలో తేటగా పుట్టే మూసీ చాదర్‌ఘాట్ చేరేసరికి ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆ ఒడ్డున ఈ ఏడు పుట్టిన బిడ్డ ఆ నీళ్లను పాడు చేయలేదు, ఆ నేరం ఎవరూ వాడి మీద వేయరు, కాని వాడు పీల్చేది ఆ గాలినే. పెద్దవాడయ్యాక వాడూ ఒక సంచి చెత్త అందులో పడేస్తాడు. రోమా 5:12లో పౌలు చెప్పేది ఈ రెండూ: ఒక మనుష్యుని ద్వారా పాపమూ, పాపము ద్వారా మరణమూ లోకంలో ప్రవేశించాయి, మనుష్యులందరూ పాపం చేశారు. ఆదాము చేసిన దోషం కూడా సంతానానికి లెక్కకు వస్తుందా అన్న చోట సంఘాలు ఏకాభిప్రాయంతో లేవు. వస్తుందని హిప్పో బిషప్పు అగస్టీను గట్టిగా బోధించాడు, పశ్చిమ సంఘాలు చాలావరకు అతని దారిన నడిచాయి. మరణమూ బలహీనతా వస్తాయి గాని దోషం రాదని తూర్పు ఆర్థడాక్సు సంఘాలు అంటాయి. ఆదిపాపాన్ని గట్టిగా నమ్మిన, మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ కూడా, ఆదాము దోషాన్ని బట్టి మాత్రమే ఏ శిశువూ నరకానికి పోదని రాశాడు. సికింద్రాబాదులో ఆయన పేరు పెట్టుకున్న చర్చి ఉన్నది గనుక ఈ మాట మనవాళ్లకు తెలిసి ఉండాలి. బాప్తిస్మం పొందకుండా చనిపోయిన శిశువుల రక్షణ విషయంలో నిరీక్షణకు ఆధారం ఉన్నదని 2007లో కతోలిక సంఘపు అంతర్జాతీయ వేదాంత కమిషన్ కూడా ఒక పత్రంలో చెప్పింది. తండ్రి దోషశిక్షను కుమారుడు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయం ఎన్నడో చెప్పింది. క్రైస్తవ విశ్వాసం పసిబిడ్డలను దోషులుగా బోనులో నిలబెడుతుందని ఒక్క వాక్యంలో తేల్చేసేవారు ఇన్ని శతాబ్దాల వాదాన్ని చూడకుండానే మాట్లాడుతున్నారు. పైగా ఒకని వలన అనేకులకు నష్టం రావడం అన్యాయమంటే, ఒకని వలన అనేకులకు మేలు రావడమూ అన్యాయమే కావాలి. పౌలు ఆ రెంటినీ ఒకే త్రాసులో పెట్టి, మేలు వైపు ఎక్కువ మొగ్గిందని అంటాడు.

సర్దుబాటుగా క్రీస్తును పంపాడన్నది చివరి ఆరోపణ. మూడవ అధ్యాయంలో మాటల వరుస చూడండి. స్త్రీ సంతానం నీ తల మీద కొడుతుందని పాముతో అన్న మాట 15వ వచనంలో ఉన్నది; స్త్రీకి శిక్ష 16లో, పురుషునికి 17 నుంచి. మనుషులు తమ శిక్ష వినకముందే వాగ్దానం విన్నారు. ఆ వచనంలో క్రీస్తును చూడడం క్రైస్తవుల పఠనం, యూదులు అలా చదవరు. కాని 2వ శతాబ్దం నాటికే సంఘం అలా చదువుతున్నది. క్రీస్తు జగత్తు పునాది వేయబడకముందే నియమింపబడ్డాడని 1 పేతురు 1:20 సూటిగా చెబుతుంది. ఏర్పాటు చెడిపోయాక అతుకు వేసినట్టు కొత్త నిబంధనలో ఎక్కడా లేదు.

జాలిపడి శిక్ష రద్దు చేశాడన్న మన విశ్వాసుల జవాబు కూడా ఇక్కడే నిలవకుండా పోతుంది. 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియసు ఈ చిక్కును ముఖాముఖిగా ఎదుర్కొన్నాడు. చస్తావన్న మాట వెనక్కు తీసుకుంటే దేవుడు అబద్ధికుడవుతాడు; తన స్వరూపంలో చేసినవాళ్లు నశించిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన మంచితనానికి తగదు. పశ్చాత్తాపం ఒక్కటీ సరిపోదని అతడు స్పష్టంగా అన్నాడు, ఎందుకంటే తీర్పు అప్పుడూ అలాగే మిగులుతుంది. అందుకే వాక్యమైనవాడు, అంటే క్రీస్తు, చావగల శరీరాన్ని ధరించి, అందరి బదులు ఆ మరణాన్ని తానే అనుభవించాడని అతని వాదం. శుభశుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల పాటు సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలు వింటూ కూర్చునేవాళ్లకు ఈ సంగతి కొత్త కాకూడదు. ఏదెనులో పలికిన శిక్ష అక్కడ రద్దు కాలేదు, అమలైంది. నిబంధన ఖండాల మధ్య నడిచినవాడే దాన్ని భరించాడు.

ఇంతటి నమ్మకత్వం ఉంటే మనం ఎలా బ్రతికినా ఫరవాలేదు కదా అని అదే సందేశం కింద ఎవరో వ్యాఖ్యానించారు. మనం నమ్మదగనివారమైనా ఆయన నమ్మదగినవాడుగా ఉంటాడన్న 2 తిమోతి 2:13ను ప్రసంగాలలో తరచు వింటాము. ఆయనను ఎరుగమంటే ఆయనా మనలను ఎరుగనంటాడన్న 12వ వచనం దాని పక్కనే ఉన్నది, దాన్ని ఎత్తేవారు తక్కువ. తన స్వభావానికి విరోధంగా ఏదీ చేయలేడన్నది ఆ రెండు వచనాలకూ వర్తిస్తుంది.

సందేశం అడగని ప్రశ్న ఒకటి మిగిలింది. దేవుడు చేసిన తోటలోకి, ఆయన చేసిన జంతువులలో ఒకటైన పాము అబద్ధంతో ఎలా వచ్చింది, ఆయన ఎందుకు రానిచ్చాడు? ఆదికాండము దానికి కారణం చెప్పదు, చెప్పినట్టు నటించే వ్యాఖ్యానాలు నన్ను ఒప్పించలేదు. ఆ ప్రశ్న ఎవరైనా గ్రూపులో పెడితే చర్చించడానికి సిద్ధంగా ఉన్నాను. 930 ఏండ్ల లెక్క గురించి మాత్రం ఇక చెప్పవలసింది లేదు.