తుపాకీ నీకెందుకని అడిగేదెవరు?

2024 నవంబరులో, చదువుకోవడానికి అమెరికా వెళ్లిన హైదరాబాద్ కుర్రాడొకడు అట్లాంటాలో సరిగ్గా తన పుట్టినరోజు నాడే, కొత్తగా కొనుక్కున్న వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. ఆ వార్త చదివినప్పుడు మనవాళ్లలో చాలామందికి మొదట వచ్చిన అనుమానం, చదువుకునే పిల్లాడికి అక్కడ తుపాకీ ఎలా అమ్ముతారు అని. నిజానికి స్టూడెంట్ వీసా, హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనకూడదనే అమెరికా ఫెడరల్ చట్టం అంటుంది. కానీ అదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ ఉంటే చాలు, కొనుక్కోవచ్చు. పిల్లల్ని పంపే ముందు ఫీజులు, రూమ్ అద్దె, రూమ్‌మేట్లు ఎవరు, వంట ఎవరు చేస్తారు, అన్నీ ఆరా తీసే మన తల్లిదండ్రుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

దేశదేశాల తుపాకీ చట్టాలు చదువుతూ పోతే సెక్షన్లకు అంతుండదు. నాకు మాత్రం అన్నీ తిరిగి తిరిగి ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తాయనిపిస్తుంది. "నీకు తుపాకీ ఎందుకు?" అని మనిషిని అడిగే అధికారం ప్రభుత్వానికి ఉందా, లేదా? ఉందనుకుంటే తుపాకీ ఒక అనుమతి, లేదనుకుంటే అదొక హక్కు.

అమెరికాది రెండో దారి. 1791లో రాజ్యాంగంలో చేరిన రెండో సవరణ ఆయుధం ఉంచుకునే హక్కు గురించి చెబుతుంది. అది పౌర సైన్యాల కోసమా, ఒక్కొక్క మనిషి కోసమా అన్న తగువు రెండు వందల ఏళ్లు నడిచాక, 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు ఒక్కొక్క మనిషిదీ అని తేల్చింది. 2022 నాటి బ్రూయెన్ తీర్పు ఇంకా ముఖ్యం. తుపాకీ దాచిపెట్టుకుని బయట తిరగాలంటే తగిన కారణం చూపించాలని న్యూయార్క్ రాష్ట్రంలో వందేళ్లకు పైబడిన చట్టం ఉండేది. కోర్టు కొట్టేసింది సరిగ్గా దాన్నే. హక్కు ఉన్నవాణ్ణి ఎందుకని అడగడమేంటి అన్నది ఆ తీర్పు సారం.

ఆ హక్కు మీద ఎన్ని తుపాకులు పేరుకున్నాయంటే, 2018లో స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ వేసిన అంచనా ప్రకారం అమెరికన్ పౌరుల చేతుల్లో సుమారు 39 కోట్లు. అంటే మనుషుల కంటే తుపాకులే ఎక్కువ. భారత్‌లో లైసెన్స్ లేనివి కూడా కలుపుకుని 100 మందికి 5 చొప్పున ఉన్నాయని, జపాన్‌లో 100 మందికి ఒక్కటి కూడా లేదని అదే అంచనా.

ఇంత చెప్పి, తుపాకీ ఉన్న అమెరికన్లందరికీ పిచ్చి అనేస్తే అది అన్యాయం. పక్కిల్లు మైలు దూరంలో ఉండి, ఫోన్ చేసిన అరగంటకు గానీ పోలీసు రాని పల్లెలో ఉండే మనిషి భయం నాకు అర్థమవుతుంది. 2023లో ప్యూ అనే అమెరికా పరిశోధన సంస్థ చేసిన సర్వేలో తుపాకీ ఉన్నవాళ్లలో 72 శాతం మంది రక్షణే ముఖ్య కారణమన్నారు. కానీ ఆ రక్షణ ఎవరి మీదికి తిరుగుతోందో కూడా చూడాలి కదా. 2021లో అక్కడ తుపాకీ వల్ల 48,830 మంది చనిపోతే, అందులో 26,328 మంది తమను తామే కాల్చుకున్నవాళ్లు. సగానికి పైనే! దొంగ కోసం కొన్న తుపాకీ ఎక్కువసార్లు ఆ ఇంట్లో మనిషి ప్రాణమే తీస్తోందంటే, ఆ ఒక్క చెడ్డ రాత్రి అది చేతికందే దూరంలో లేకపోతే వాళ్లలో ఎందరు బతికుండేవాళ్లో అని బాధేస్తుంది.

ఇక ఆస్ట్రేలియా సంగతి. 1996 ఏప్రిల్ 28న టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని కాల్చి చంపాడు. అప్పటికి జాన్ హోవర్డ్ ప్రధాని అయ్యి రెండు నెలలు కూడా కాలేదు. ఆయనది సంప్రదాయవాద పార్టీ, ఆ పార్టీ ఉన్న కూటమికి ఓట్లేసే రైతుల ఇళ్లలోనే తుపాకులు ఎక్కువ. అయినా 12 రోజుల్లో అన్ని రాష్ట్రాలనూ ఒప్పించి ఒక ఒప్పందానికి తెచ్చాడు. దడదడా పేల్చే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను చాలావరకు నిషేధించి, జనానికి డబ్బిచ్చి దాదాపు ఆరున్నర లక్షల తుపాకులు వెనక్కి తీసుకున్నారు, ఆ డబ్బు కోసం జనం మీదే ఒకసారి అదనపు పన్ను వేశారు. కోపంతో ఊగిపోతున్న సొంత మద్దతుదారుల సభకు హోవర్డ్ కోటు లోపల బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని వెళ్లాల్సి వచ్చింది. మన నాయకుల్లో సొంత ఓటుబ్యాంకుకు ఎదురెళ్లి ఇలా నిలబడగలిగేవాళ్లు ఎవరని ఆలోచిస్తే నాకు వెంటనే ఒక్క పేరూ తట్టలేదు.

ఆ ఒప్పందంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది, తుపాకీ కావాలంటే సరైన కారణం చూపాలి, ఆత్మరక్షణ అనేది సరైన కారణం కాదు అనే నియమం. వ్యవసాయం చెప్పొచ్చు, వేట చెప్పొచ్చు, షూటింగ్ క్లబ్ చెప్పొచ్చు. భయం మాత్రం చెల్లదు. అమెరికాలో 72 శాతం మంది చెప్పిన కారణం ఆస్ట్రేలియాలో దరఖాస్తు దగ్గరే ఆగిపోతుంది.

తుపాకీ మరణాలు 1996కు ముందు నుంచే తగ్గుతున్నాయని, చట్టం వల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేమని కొందరు పరిశోధకులు అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. చట్టం ఒకసారి చేసేసి నిద్రపోతే చాలదని కూడా తేలింది. 2025 డిసెంబరులో సిడ్నీ బోండీ బీచ్‌లో యూదుల పండుగ వేడుక మీద తండ్రీకొడుకులు కాల్పులు జరిపి 15 మందిని చంపారు. ఆ తండ్రికి లైసెన్స్ ఉంది, దాని కింద ఆరు తుపాకులున్నాయి. ఒక్కడికి ఆరెందుకు అని అడగడం వ్యవస్థ మర్చిపోయింది. రెండు వారాలు కాకముందే న్యూసౌత్‌వేల్స్ ఒక మనిషి దగ్గర ఎన్ని ఉండొచ్చో పరిమితి పెట్టింది. తప్పు దొరకగానే దిద్దుకున్నారు, అది నాకు నచ్చింది.

తుపాకుల్ని సమర్థించేవాళ్లు స్విట్జర్లాండ్ పేరు తరచుగా తెస్తారు. ఇంటింటా తుపాకీ ఉన్నా ప్రశాంతంగా లేరా అంటారు. అక్కడ సైనిక సేవలో ఉన్నవాళ్లు రైఫిల్ ఇంట్లో పెట్టుకుంటారు, నిజమే. కానీ ఆ రైఫిల్‌తో పాటు ఇంట్లో ఉంచే తూటాలను సైన్యం 2007 నుంచి వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. 2019లో నిబంధనలు ఇంకా బిగించాలా అని జనాన్నే అడిగితే దాదాపు 64 శాతం మంది సరేనన్నారు.

మన దేశం విషయానికొస్తే, అమెరికా దారిలోకి మనమూ అడుగుపెట్టబోయి ఆగామని చాలామందికి తెలియదు. బ్రిటిష్‌వాళ్లు 1878లో ఆయుధాల చట్టం తెచ్చి భారతీయుల చేతులు కట్టేశారు కాబట్టి, స్వాతంత్య్రోద్యమానికి తుపాకీ ఆత్మగౌరవ సమస్య అయింది. 1931లో కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును కూడా చేర్చారు. ఆ మాటను గుర్తుచేస్తూ 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ అనే సభ్యుడు దాన్ని ప్రాథమిక హక్కుల్లో పెట్టమన్నాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. దొంగలు కూడా పౌరులే, వాళ్లకూ అదే హక్కు వస్తుంది కదా అన్నది ఆయన వాదన. ఆ రోజు అంబేద్కర్ తలూపి ఉంటే మన ఊళ్లు ఎలా ఉండేవో, ఫ్యాక్షన్ రోజుల సీమను గుర్తుచేసుకుని ఊహిస్తేనే నాకు వణుకు పుడుతుంది.

అలా మనకు 1959 ఆయుధాల చట్టం మిగిలింది. మన చట్టం ఎందుకని అడుగుతుంది. పోలీసు విచారణ జరుగుతుంది, జిల్లాల్లో కలెక్టరో, హైదరాబాద్ లాంటి చోట పోలీస్ కమిషనరో లైసెన్స్ ఇవ్వాలి, 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు, ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి. చిక్కంతా ఎక్కడంటే, ప్రాణహాని ఉందంటే మనకది చెల్లే కారణం. ఎవరి ప్రాణహాని నమ్మాలి అనే దగ్గర పలుకుబడి దూరుతుంది. పక్కన గన్‌మన్ ఉంటేనే లీడర్ అనుకునే మన దగ్గర, నడుముకు రివాల్వర్ ఉంటే వచ్చే గౌరవం వేరు. ఉత్తరాదిలో పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చి ప్రాణాలు తీయడం ఎంత పెరిగిందంటే, అదే 2019 సవరణలో దానికి విడిగా శిక్ష రాయాల్సి వచ్చింది.

కానీ ఈ దేశంలోనే కర్ణాటకలోని కొడగు (కూర్గ్) కూడా ఉంది. అక్కడి కొడవ జాతివాళ్లకు లైసెన్స్ అక్కర్లేని మినహాయింపు బ్రిటిష్ కాలం నుంచి నడుస్తోంది, ఇప్పుడది 2029 దాకా పొడిగించి ఉంది. మగపిల్లాడు పుడితే ఒక తూటా పేల్చడం, కైల్ పొళ్ద్ పండుగకు తుపాకీని పూలతో పూజించడం వాళ్ల ఆచారం. తుపాకీ అక్కడ పెద్దల సొత్తు, దాన్ని చిల్లరగా వాడితే వంశానికే మచ్చ. అలాంటి కట్టుబాటు ఉన్నచోట చట్టం కాస్త వెనక్కి తగ్గొచ్చు. అది చూసి, ఆ కట్టుబాటు లేని ఊళ్లకు కూడా అదే సడలింపు కావాలని అడగడం మాత్రం నాకు ప్రమాదంగా తోస్తుంది.

మళ్లీ అమెరికాకు వస్తాను, ఎందుకంటే మన పిల్లలున్నది అక్కడ. 2017లో కన్సాస్‌లోని ఓలేథా బార్‌లో, 2023 మేలో టెక్సస్‌లోని అలెన్ మాల్‌లో, గ్యాస్ స్టేషన్లలో పార్ట్‌టైమ్ చేస్తూ రాత్రి షిఫ్టుల్లో, ఎంతమంది తెలుగు పిల్లల్ని పోగొట్టుకున్నాం! అంత జరుగుతున్నా, అడగడం అక్కడ ఎంత కష్టమో తెలుసా? ఇంట్లో తుపాకీ ఉందా అని డాక్టర్లు పేషెంట్లను అడగకుండా కట్టడి చేస్తూ 2011లో ఫ్లోరిడా ఏకంగా చట్టమే చేసింది. కోర్టు దాన్ని కొట్టేసేసరికి 2017 వచ్చింది.

మా పెద్దమ్మ కూతురు డాలస్ పక్కన ఉంటుంది. ఎనిమిదేళ్ల పాపను ఏ ఇంటికి పంపాలన్నా ముందు ఫోన్ చేసి, ఇంట్లో తుపాకీ ఉందా, ఉంటే తాళం వేసి ఉందా అని అడుగుతుంది. మొదటిసారి నోరు రాక చచ్చానంది. అవతలి అమెరికన్ తల్లి ఏమీ అనుకోకుండా, రెండున్నాయి, లాకర్‌లో ఉంటాయి, తూటాలు వేరే చోట ఉంటాయి, అడిగినందుకు థాంక్స్ అందట. పోయిన సంక్రాంతికి ఒక తెలుగు స్నేహితుల ఇంట్లో పిల్లలంతా రాత్రి అక్కడే పడుకుంటామంటే అదే ప్రశ్న వాళ్లనూ అడిగింది. ఆయన కాస్త తటపటాయించి, "ఒకటుంది అక్కా, మంచం పక్క సొరుగులో" అన్నాడు. ఏడుస్తున్న పాపను ఎత్తుకుని ఆ రాత్రే ఇంటికి వచ్చేసింది.