"ముందు మీలో మీరు తేల్చుకుని రండి" అనడానికి మనమెవరం?

2023 అక్టోబర్ 14న ఆస్ట్రేలియాలో 'వాయిస్' రిఫరెండం, అంటే అబోరిజినల్ తదితర మూలవాసుల తరఫున ఒక సలహా సంఘాన్ని రాజ్యాంగంలో పెట్టాలా అన్న ఓటింగ్, ఓడిపోయింది. అరవై శాతం మంది 'నో' అన్నారు, ఆరు రాష్ట్రాల్లో ఒక్కటీ 'యెస్' అనలేదు. అప్పుడు ఇక్కడి మన తెలుగువాళ్ల నోట నేను ఎక్కువగా విన్న మాట: "ఆ అబోరిజినల్ లీడర్లకే ఒకరంటే ఒకరికి పడదు బ్రో, మధ్యలో మనమేం చేస్తాం?"

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ లీడర్లలో, దేశాన్ని జాతి పేరుతో విడదీస్తుందని జసింటా ప్రైస్ వాయిస్ వద్దన్నారు. ఇది చాలదు, ప్రభుత్వంతో ట్రీటీ (ఒప్పందం) కావాలని లిడియా థోర్ప్ వద్దన్నారు. కావాలని నోయెల్ పియర్సన్ తిరిగారు. అయితే ఏంటి? లేబర్, లిబరల్ పార్టీలు కొట్టుకుంటే ప్రజాస్వామ్యం, వీళ్లు కొట్టుకుంటే చేతకానితనమా? ఒకే ఊళ్లో మనకి ఎన్ని తెలుగు సంఘాలున్నాయో, ఉగాది ఎన్ని హాళ్లలో జరుగుతుందో ఒకసారి లెక్కపెట్టుకుని మాట్లాడండి. ఆ ఫంక్షన్లలోనే కదా, ఫోన్‌లో చూసి "ఈ నేల పెద్దలకు మా గౌరవం" అని, అబోరిజినల్ పెద్దలను తలుచుకునే ఆనవాయితీ మాట, గబగబా చదివేసి మైకు డాన్స్ పిల్లలకి ఇచ్చేది!

పైగా వాళ్లు అడిగిందేమిటి? పార్లమెంటుకీ ప్రభుత్వానికీ సలహా చెప్పే సంఘం. వీటో లేదు. చెప్పింది వినాలన్న రూలూ లేదు. దాన్ని రాజ్యాంగంలోనే రాయమని పట్టుబట్టడానికి కారణం పాత అనుభవం. 1973లో ప్రధాని విట్లాం ప్రభుత్వం ఇలాంటిదే ఒక సలహా కమిటీ పెట్టింది. 1977లో దాని స్థానంలో ఇంకోటి వచ్చింది, 1985లో దాన్నీ మూసేశారు. 1990లో అట్సిక్ (ATSIC) అనే మూలవాసుల జాతీయ కమిషన్ వచ్చింది. దానికి ఎన్నికైన ప్రాంతీయ కౌన్సిళ్లుండేవి, చేతిలో కొంత డబ్బూ ఉండేది. అందులో అవకతవకలు లేవని నేననను, పైస్థాయి నాయకుల మీద ఆరోపణలు చాలానే వచ్చాయి. కానీ మంత్రి తప్పు చేస్తే మంత్రిని తీసేస్తారు గానీ పార్లమెంటును ఎత్తేయరు కదా! 2005లో అట్సిక్‌నే ఎత్తేశారు, అదీ రెండు పెద్ద పార్టీలూ ఒక్కమాట మీద. రెండేళ్లకే, 2007లో, కేంద్ర ప్రభుత్వం వాళ్లు జాతి వివక్షను నిషేధించే చట్టాన్ని పక్కనపెట్టి నార్తర్న్ టెరిటరీలోని అబోరిజినల్ పల్లెల్లోకి సైన్యంతో సహా దిగిపోయారు. ఇదేంటని నిలదీయడానికి ఆనాటికి ఎన్నికైన జాతీయ సంఘమే మిగల్లేదు.

"పార్లమెంటులో వాళ్ల ఎంపీలున్నారుగా" అంటారు. ఉన్నారు, మంచిదే. అబోరిజినల్ ఎంపీ కెన్ వయట్ 2010లో గెలిచింది పెర్త్ శివార్లలోని హాస్‌లక్ నుంచి. అక్కడ అబోరిజినల్ ఓటర్లు ఏ మూలకి? ఆయన జవాబు చెప్పాల్సింది పార్టీకీ, నియోజకవర్గానికీ. నార్తర్న్ టెరిటరీలో అబోరిజినల్ జనం ఎక్కువగా ఉండే తీవీ దీవుల వాళ్ల తరఫున మాట్లాడే పని ఆయనకెవరూ అప్పజెప్పలేదు. అదే తీవీ దీవుల్లో, అటు అదే టెరిటరీలోని వడెయ్ అనే ఊళ్లో, రిఫరెండంలో 'యెస్'కి భారీగా ఓట్లు పడ్డాయి. ఆ సంగతి మన గ్రూపుల్లో ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

ఇప్పుడు విక్టోరియా రాష్ట్రం వంతు. అక్కడ అబోరిజినల్ ఓటర్లు ఎన్నుకున్న అసెంబ్లీ ఏళ్లపాటు కూర్చుని మాట్లాడితే 2025లో ట్రీటీ చట్టమైంది. మేం గెలిస్తే రద్దు చేస్తామని ప్రతిపక్షం అప్పుడే చెప్పేసింది.