ఒకటిన్నర చుట్టు

మండల ఆటల పోటీలు ఇంకా పన్నెండు రోజులున్నాయనగా మా బడి పీఈటీ మాస్టారికి పది రోజుల ట్రైనింగు పడింది. హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూములోకి వచ్చి అందరినీ ఒకసారి కలియజూశారు. సోషల్ మాస్టారికి వెంటనే దగ్గు వచ్చింది. హిందీ టీచరు గారు నోట్సుల కట్ట వెనక మాయమయ్యారు. నేను పెరుగన్నం తింటున్నాను. అదే నా కొంప ముంచింది.

"డిస్కస్ మీరు చూసుకోండి మాస్టారూ. శరీరం కూడా సరిపోతుంది" అన్నారు.

శరీరం సరిపోవడం అంటే ఏమిటని అడుగుదామనుకున్నాను. జవాబు అందరి ముందూ వినాల్సి వస్తుందని ఊరుకున్నాను. నేను లెక్కల మాస్టారిని. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను విసిరినవి సుద్దముక్కలే. అవి కూడా ఈ మధ్య మానేశాను.

ఆ రాత్రి ఫోన్లో వీడియోలు చూస్తుంటే హుషారొచ్చింది. డిస్కస్ అంటే గుండ్రటి బిళ్లను గిర్రున తిరిగి వీలైనంత దూరం విసరడం. లెక్కలవాడికి ఇంతకంటే రుచైన ఆట లేదు. నిలబడి విసరాల్సిన వలయం వ్యాసం 2.5 మీటర్లు. డిస్కస్ పడాల్సిన హద్దు గీతల మధ్య కోణం 34.92 డిగ్రీలు. 35 అని పెట్టొచ్చుగా? పెట్టలేదు. ఆ కోణానికైతే, వలయం కేంద్రం నుంచి రెండు గీతల మీదా 20 మీటర్లు కొలిస్తే, ఆ రెండు బిందువుల మధ్య దూరం 12 మీటర్లు వస్తుంది. కోణమానినితో పనిలేదు, టేపు చాలు! ఆనందం పట్టలేక మా ఆవిడను లేపి చెప్పాను. "లైటు ఆర్పండి" అంది.

మర్నాడు సున్నంతో గీసిన గీతలు చూసి హెడ్మాస్టరు గారే మెచ్చుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది.

పిల్లలు ఆరుగురు. డిస్కస్ ఒక్కటే. ఆడపిల్లలు విసిరే కిలో బరువుది, చెక్కకు ఇనప అంచు. మొదటి పాఠం పట్టు. నిజానికి దాన్ని పట్టుకోకూడదు. నాలుగు వేళ్ల కొసకణుపులు అంచుకు తగిలించాలి, బొటనవేలు పైన ఊరికే ఆనించాలి, అంతే. "అలా అయితే కింద పడిపోదా సార్?" అని పదో తరగతి అమ్మాయి అడిగింది. "చెయ్యి ఊపుతున్నంతసేపూ పడదమ్మా" అని ఊపి చూపించాను. పడలేదు. ఊపడం ఆపి, చూశారా అన్నాను. అప్పుడు పడింది, నా కాలి బొటనవేలి మీద.

కుంటుతూనే రెండో పాఠం చెప్పాను. డిస్కస్‌ను ముందు గాలిలోకి కాదు, నేల మీద చక్రంలా దొర్లించాలి. చేతిలోంచి చిట్టచివర వదలాల్సింది చూపుడువేలు. ఆ వేలు ఇచ్చే తిప్పుడుతోనే అది గాలిలో బల్లపరుపుగా నిలబడి పోతుంది. చిటికెనవేలు వైపు నుంచి జారిందా, ఎండుటాకులా కొట్టుకుంటూ పక్కనే పడుతుంది. నేలమీద దొర్లిస్తే ఈ తేడా కంటికి తెలుస్తుంది. మావాళ్లు దొర్లించినవి ఒకటి కుళాయి వైపు, ఒకటి మధ్యాహ్న భోజనం షెడ్డు వైపు వెళ్లాయి. పదో తరగతి అమ్మాయిది మాత్రం గీత గీసినట్టు వెళ్లింది. ఆ పిల్లకు కొంచెం ఊపు ఇద్దామని 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల సంగతి చెప్పాను. మహిళల డిస్కస్‌లో మూడు పతకాలూ మనవాళ్లవే. కృష్ణా పూనియా 61.51 మీటర్లు విసిరి బంగారం గెలిచింది. "మన గ్రౌండు పొడుగెంత సార్?" అంది ఆ పిల్ల. కొలిస్తే 58 ఉంది.

ఎదురుగాలి ఉంటే డిస్కస్ ఇంకా దూరం పోతుందని చెప్తే మాత్రం ఒక్కడూ నమ్మలేదు. లిథువేనియా కుర్రాడు మికోలాస్ అలెక్నా అమెరికాలోని రమోనా అనే ఊళ్లో అలాంటి గాలిలోనే 2025 ఏప్రిల్‌లో 75.56 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డు పెట్టాడర్రా అన్నాను. సైకిలు తొక్కేటప్పుడు ఎదురుగాలి ఏం చేస్తుందో తెలిసిన పిల్లలు. నా వంక జాలిగా చూశారు.

ఇక మూడో పాఠం, చుట్టు. వలయం వెనక భాగంలో, విసిరే దిక్కుకు వీపు పెట్టి నిలబడాలి. అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు తిరుగుతూ ముందుకొచ్చి వదలాలి. కాళ్లు, నడుము ముందు రావాలి, చెయ్యి ఆఖరున రావాలి. డిస్కస్ నేలను తాకేదాకా వలయంలోనే ఉండి, తర్వాత వెనక సగంలోంచే బయటికి రావాలి. ముందు నుంచి వచ్చామా, ఫౌల్. బోర్డు మీద ఇదంతా ఎంత అందంగా వచ్చిందంటే, నేనే విసిరి చూపించాలనిపించింది. అక్కడ ఆగాల్సింది.

డిస్కస్ పక్కకు పోకుండా ఆపే వల మా బడిలో లేదు కనక పిల్లల్ని దూరంగా వేపచెట్టు వెనక నిలబెట్టాను. మనసులో ఒకటిన్నర అనుకుంటూ తిరిగాను. నా మనసు ఒకటిన్నర దగ్గర ఆగింది, శరీరం ఒకటిముప్పావు దాకా వెళ్లింది. తేడా పావు చుట్టే. పావు చుట్టంటే 90 డిగ్రీలు. 34.92 డిగ్రీల హద్దులో పడాల్సిన వస్తువుకు అది కొంచెం ఎక్కువే.

విడుపు మాత్రం కుదిరిందండీ. బల్లపరుపుగా, గిర్రున తిరుగుతూ, ఎడమవైపు ప్రహరీ దాటింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అవతల మామ్మగారి వరిగడ్డి వామిలోకి సర్రున దిగిపోయింది. నేను ముందు వైపు నుంచే పరుగెత్తాను. వెనకనుంచి "ఫౌల్ సార్" అని వినపడింది.

మామ్మగారు గోడకు పిడకలు కొడుతున్నారు. చూడకుండానే కొడతారు. పేడముద్ద చేతిలోంచి జారడం, గోడకు గుండ్రంగా అతుక్కోవడం, రెండూ ఒకేసారి.

"మామ్మగారూ, మా డిస్కస్ మీ వామిలో పడిందండీ."

"ఏం పడిందీ?"

"డిస్కస్ అండీ. పళ్లెంలా ఉంటుంది."

"అన్నం పళ్లేలు విసురుకుంటున్నారా బళ్లో?"

కాస్త గడ్డి లాగి తీసుకుంటానన్నాను. మామ్మగారు పేడచేతులతో వామికి అడ్డంగా నిలబడ్డారు. "నలుగురు మనుషులు ఓ పూటంతా కష్టపడి వేసిన వామి నాయనా. ఇప్పుడు నెత్తి కదిపావంటే వాననీళ్లు లోపలికి దిగి అడుగుదాకా కుళ్లిపోద్ది. గేదె తింటా తింటా అక్కడిదాకా వచ్చాక నీ పళ్లెం నీకిస్తాలే."

"ఎప్పటికండీ?"

"సంక్రాంతికి."

అప్పటికి ఆగస్టు నెల. క్లాసులోకి వచ్చి వామి ఘనపరిమాణం, గేదె రోజూ తినే గడ్డి లెక్కవేశాను. జనవరి రెండోవారం వచ్చింది. మామ్మగారు ఏ సూత్రం వాడారో నాకు ఇప్పటికీ తెలియదు.

కొత్తది కొనాలంటే కాగితం పెట్టాలి. కాగితం కదిలేలోపు పోటీలు అయిపోతాయి. ఇంటికొచ్చి దిగులుగా కూర్చుంటే, వంటింట్లో గోడకు ఆనించి గుండ్రంగా, నల్లగా, పిడి లేకుండా అట్లపెనం కనబడింది. కిరాణా కొట్లో తూచాను. కిలో ఎనిమిది వందల గ్రాములు.

బరువని పిల్లలు గొణిగితే రాబర్ట్ గారెట్ కథ చెప్పాను. 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌కు బయలుదేరిన అమెరికా కుర్రాడు. డిస్కస్ ఎలా ఉంటుందో తెలియక కమ్మరి చేత ఊహకొద్దీ ఒకటి చేయించాడు. అది దాదాపు 13 కిలోలొచ్చింది. విసరలేక వదిలేశాడు. తీరా ఏథెన్స్ వెళ్లాక చూస్తే అసలుది రెండు కిలోలే! పోటీకి దిగి, 29.15 మీటర్లు విసిరి, అందులో ఆరితేరిన గ్రీకుల్నే ఓడించాడు. "మనం పెనంతో కష్టపడితే అక్కడ అసలుది అప్పడంలా ఉంటుంది" అన్నాను.

నిజంగానే అప్పడంలా ఉంది. అదే చిక్కయింది. మండల పోటీల్లో మా పదో తరగతి అమ్మాయి మొదటి రెండుసార్లూ పెనాన్ని విసిరినంత బలంగా విసిరింది. ఒకటి కుడిగీత బయట, ఒకటి కబడ్డీ కోర్టు పక్కన పడ్డాయి. మూడోసారి, "సగం బలమే పెట్టమ్మా" అని అరిచాను. లోపల పడింది. రెండో స్థానం వచ్చింది. సర్టిఫికెట్టు మీద నా పేరు లేకపోయినా స్టాఫ్ రూములో టీ ఇప్పించారు.

పెనం ఇంటికి చేరింది కానీ పూర్వపు పెనం కాదు. పదిహేనేళ్లుగా ఒక్క అట్టు అంటుకోని పెనం అట. ఇప్పుడు నాలుగైదు ముక్కలుగా తప్ప అట్టు పైకి లేవడం లేదు. ఆ ముక్కలన్నీ నా పళ్లెంలోకే వస్తున్నాయి.

సంక్రాంతి సెలవులకు ముందురోజు పదో తరగతిని ఎండలో కూర్చోబెట్టి స్పర్శరేఖలు చెప్తున్నాను. ప్రహరీ అవతల నుంచి కేక. "పంతులుగారూ! నీ పళ్లెం దొరికింది. తప్పుకో!"

గోడపైన మామ్మగారి తల, చెయ్యి కనిపించాయి. చుట్టూ లేదు, ఊపూ లేదు. పిడక కొట్టినంత తేలిగ్గా చెయ్యి కదిలింది. డిస్కస్ బల్లపరుపుగా, గిర్రున తిరుగుతూ వచ్చి ఖాళీ గ్రౌండులో దిగి, కొంతదూరం జారి ఆగింది.

క్లాసంతా నోరు తెరుచుకుని చూస్తోంది.

"చూపుడువేలే సార్" అంది మా అమ్మాయి. "చివర్లో వదిలింది చూపుడువేలే. నేను చూశాను."

మాస్టారినన్నాక ఏదో ఒకటి అనాలి కదా. "అయితే ఏం, ఫౌల్. వలయం ఏదీ?" అన్నాను.

ఆ పిల్ల లేచి గోడ వైపు తొంగిచూసింది. మామ్మగారు అప్పటికే వెనక్కి తిరిగి గేదె దగ్గరికి నడుస్తున్నారు.

"వెనకనుంచే వెళ్తోంది సార్."