నాలుగు మిల్లీమీటర్ల చుక్కకున్న మర్యాద

ఇప్పుడే బెంగళూరు బస్సు దిగి అనంతపురంలో ఇంటికి చేరాను. సోమవారం జరగవలసిన మా చిన్నమ్మ రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ మళ్ళీ వాయిదా పడింది. కారణం రొమ్ములోని గడ్డ కాదు, ఊపిరితిత్తిలో స్కాను పట్టుకున్న 4 మిల్లీమీటర్ల చుక్క.

ఆమె గడ్డ 2 సెంటీమీటర్లకు మించలేదు, చంకలో గ్రంథులు ఉబ్బలేదు, ఎముకల నొప్పి గానీ ఆయాసం గానీ లేవు. వ్యాధి పాకే ప్రమాదం తక్కువగా ఉన్న ఇటువంటి తొలి దశలో, వ్యాధి ఒంట్లో మరెక్కడికైనా పాకిందేమోనని వెతికే పెట్, సీటీ, బోన్ స్కానులు చేయవద్దని క్యాన్సర్ వైద్యుల సంఘమైన అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2012లోనే చెప్పింది. ఆ మాట ఇంకా ఏ బస్టాండులో ఆగిపోయిందో! యాభై ఎనిమిదేళ్ళ ఒంటిని తల నుంచి తొడల దాకా వెతికితే ఏమీ దొరకకుండా ఉంటుందా? కాలేయంలో నీటి తిత్తి, మూత్రపిండంలో మరొకటి, పిత్తాశయంలో రాళ్ళు దొరికాయి. తల నెరసినంత మామూలుగా ఆ వయసులో కనిపించే వీటన్నింటి కిందా, వైద్యులు సరిచూసుకోవలెనని ఒక వాక్యం రాసి రిపోర్టు చేతులు దులుపుకుంది. వైద్యులేమో మరో స్కాను సరిచూస్తుందంటున్నారు.

ఆ చుక్క పాత క్షయ మచ్చ కావచ్చు. అరుదుగా వ్యాధే కావచ్చు, కాదనను. కానీ అంత చిన్నదాన్ని ముక్క తీసి పరీక్షించడానికి సూదితో అందుకోవడం దాదాపు కుదరదు, పెట్ స్కానులోనూ అది నమ్మకంగా తేలదు. కొన్ని నెలలు ఆగి, పెరిగిందో లేదో పోల్చి చూడడమే మిగిలిన దారి. ఆ నెలలన్నీ రొమ్ములోని గడ్డ కూడా మర్యాదగా ఆగుతుందని ఎవరు హామీ ఇచ్చారు?

పెనుకొండ దాటేవరకు ఆమె స్కాను కవరును ఒడిలో పెట్టుకుని, దాని అంచును గోటితో గీకుతూ కూర్చుంది. తర్వాత మెల్లగా, "లివర్లో గూడా ఉందంట గదరా, ఇంగ ఆపరేషన్ దేనికి? ఆ దుడ్లు పిల్లోళ్ళకు పెట్టండి" అంది. అది నీటి తిత్తి అని, దానివల్ల ఏమీ కాదని చెప్పడానికి ఆసుపత్రిలో ఒక్కరికీ రెండు నిమిషాలు దొరకలేదు.

నా అసలు కడుపుమంట ఇంకా పాతది. ఎనిమిది నెలల క్రితం స్నానం చేస్తూ గడ్డ తగిలిందని ఆమె మా ఊళ్ళోనే ఒక డాక్టరుకు చెప్పుకుంది. ఈ వయసులో గడ్డలు మామూలేనంటూ, చెయ్యి వేసి చూడకుండానే, ఆయన ఒక ఆయింట్‌మెంట్ రాసి పంపాడు. ఆనాడు తన నోటితో తాను చెప్పుకున్న గడ్డకు లేని విలువ, ఈనాడు ఆమెకు కనీసం తెలియనైనా తెలియని చుక్కకు వచ్చింది.

గురువారం మళ్ళీ రమ్మన్నారు. ఈసారి పిత్తాశయంలోని రాళ్ళ కోసమట. ఖాళీ కడుపుతో రావాలట.