ఆ హీట్ పంప్ ఫార్వర్డుకు మా ఇంటి బకెట్ల లెక్క

చలికాలం మొదలైన దగ్గర్నుంచి బెంగళూరు తెలుగు గ్రూపుల్లో ఒక ఫార్వర్డు తిరుగుతోంది. మా లేఅవుట్ గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ మూడు వేర్వేరు మామయ్యల చేతుల మీదుగా. అందులో ఉన్నదిది: "గీజర్ పీకెయ్యండి, హీట్ పంప్ పెట్టండి. గాలిలోంచి ఉచితంగా వేడినీళ్ళు. కరెంటు బిల్లు 75 శాతం తగ్గుతుంది, పెట్టిన డబ్బు రెండేళ్ళలో వెనక్కి. ఇంట్లో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, పైగా చల్లగాలి ఫ్రీ. మెయింటెనెన్స్ జీరో. ఇక సోలార్ దండగ. కేంద్ర సబ్సిడీ ఈ నెలాఖరు వరకే."

నాకు హీట్ పంప్ మీద కోపమేమీ లేదు. హొరమావులో మా ఇంటికి కొందామనే కొటేషన్ తెప్పించుకున్నాను. 200 లీటర్లది, బిగింపుతో కలిపి 1,12,000 రూపాయలు. ఆ కాగితాన్ని పక్కన పెట్టుకునే ఈ ఫార్వర్డును ఒక్కో ముక్కా విప్పి చూశాను.

"గాలిలోంచి ఉచితంగా."

ఇందులో మూడింట రెండొంతులు నిజమే. ఫ్రిజ్ పక్కనో వెనకో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది కదా, లోపలి వేడిని తోడి బయట పోస్తోందన్నమాట. హీట్ పంప్ బయటి గాలిలో వేడిని అలాగే తోడి ట్యాంకులో నీళ్ళకిస్తుంది. గీజర్ కాయిల్ ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తుంది. ఇది మూడు యూనిట్లదాకా ఇస్తుంది. ఆ నిష్పత్తినే సీఓపీ అంటారు. బ్రోషర్లో 4 అని అచ్చేస్తారు గానీ, ఆ అంకె గాలి ఎంత వెచ్చగా ఉంటే, నీళ్ళు ఎంత తక్కువ వేడికి కాగాలంటే వచ్చిందో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. గాలి చల్లబడినా, ట్యాంకు సెట్టింగ్ 50 నుంచి 60 డిగ్రీలకి పెంచినా అది దిగుతుంది. నేను 3 చొప్పున లెక్క వేస్తున్నాను.

చలికాలంలో అసలు పనే చెయ్యదని దానికింద ఒకాయన కామెంట్ పెట్టారు. అదీ తప్పే. స్వీడన్, నార్వేల్లో మంచు పడుతున్నప్పుడు ఇళ్ళు వెచ్చబెట్టేది చాలాచోట్ల ఇవే. బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో.

"బిల్లు 75 శాతం తగ్గుతుంది, రెండేళ్ళలో డబ్బు వెనక్కి."

అసలు మోసమంతా ఈ వాక్యంలోనే ఉంది. తగ్గేది బిల్లు కాదు, బిల్లులో స్నానం నీళ్ళ వాటా. అదెంతో తెలియాలంటే బకెట్లు లెక్కపెట్టాలి. ఒక వారం నేను అదే పని చేశాను, బాత్రూం తలుపు వెనక పెన్సిలుతో గీతలు గీస్తూ.

మేం నలుగురం, మనిషికో బకెట్. బకెట్ అంటే 20 లీటర్లు. మా కుళాయి నీళ్ళు 24 డిగ్రీలు, స్నానానికి హాయిగా ఉండాలంటే 40 కావాలి. ఆ 16 డిగ్రీలు పెంచడానికి బకెట్‌కి సుమారు 0.37 యూనిట్, నలుగురికీ కలిపి రోజుకి ఒకటిన్నర. గీజర్ ఊరికే వేడి పోగొట్టుకునేది కూడా కలిపి నెలకి 55 అనుకుందాం. మా మొత్తం వాడకం 240 యూనిట్లు. హీట్ పంప్ ఈ 55లో మూడింట రెండొంతులు మిగిలిస్తే 36 యూనిట్లు, అంటే బిల్లులో 15 శాతం. యూనిట్ అన్నీ కలిపి 7 రూపాయలు వేసుకున్నా నెలకి 252, ఏడాదికి మూడు వేలు. లక్షా పన్నెండు వేలు రాబట్టుకోవడానికి 37 ఏళ్ళు పడుతుంది. అప్పటికి మా తొమ్మిదేళ్ళ వాడికి నలభై ఆరు వస్తాయి. మెషీన్ పది, పదిహేనేళ్ళు బతికితే గొప్ప. గీజర్ ఎలాగూ పాడైంది, కొత్తది కొనాల్సిందేనంటారా? దాని పన్నెండు వేలు తీసేసి చూసినా ముప్పై దాటుతుంది. కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లయితే మిగిలేదీ జీరోనే.

మరి ఎవరికి గిట్టుబాటు? బకెట్ కాకుండా షవర్ కింద నిలబడే ఇళ్ళకి. ఏడుగురున్న ఇంట్లో మనిషికి 60 లీటర్లయితే రోజుకి ఎనిమిది యూనిట్లకి దగ్గరగా పోతుంది. వాళ్ళు ఏడాదికి పదమూడు వేలదాకా మిగుల్చుకుంటారు, ఎనిమిదిన్నరేళ్ళలో డబ్బు తిరిగొస్తుంది. ఇక మారతహళ్ళి, బీటీఎం పీజీల సంగతి చెప్పనే అక్కర్లేదు. నలభై మంది కుర్రాళ్ళు, మనిషికి రెండు బకెట్లు, ఆదివారం తలస్నానాలు. అలాంటిచోట ఇది పెట్టకపోవడమే నష్టం. ఫార్వర్డులో లెక్క ఎవరో పీజీ ఓనర్‌దే అయ్యుంటుందని నా అనుమానం.

"ఇంట్లో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, చల్లగాలి ఫ్రీ."

మా వీధి చివర ఒకాయన మెట్ల కింద గూట్లో పెట్టించారు, తలుపుతో సహా. మెషీన్ వదిలిన చల్లగాలినే మళ్ళీ మెషీన్ పీల్చింది. గూడు కోల్డ్ స్టోరేజీలా తయారైంది, నీళ్ళు మాత్రం కాగవు. ఆటో మోడ్‌లో ఉంది కాబట్టి కాసేపు చూసి లోపలి బ్యాకప్ కాయిల్ ఆన్ అయ్యేది. అంటే లక్ష పెట్టి కొన్న గీజర్! రెండు నెలలు బిల్లు ఎందుకు తగ్గలేదో ఆయనకి అర్థం కాలేదు. మీరు కొంటే, బిగించే కుర్రాడు వెళ్ళకముందే ఆ కాయిల్ ఏ మోడ్‌లో ఉందో అడిగి, అవసరమైతే మీరే ఆన్ చేసుకునేలా పెట్టించుకోండి.

గాలి ఆడేచోటు కావాలి. కంప్రెసర్ చప్పుడు ఏసీ బయటి యూనిట్‌లాగే ఉంటుంది కాబట్టి పక్కింటివాళ్ళ పడకగది కిటికీ కింద వద్దు. తడి కారుతుంది, దానికో పైపు కావాలి. అలాగని టెర్రస్ మీద పడేసినా ఖర్చుంది. అక్కణ్ణుంచి కింది బాత్రూంకి 15 మీటర్ల పైపుంటే, వేడినీళ్ళు వచ్చేలోపు దాదాపు 5 లీటర్ల చన్నీళ్ళు కారిపోతాయి. ట్యాంకర్ కొనే వేసవిలో ఆ 5 లీటర్లు బాధిస్తాయి.

చల్లగాలి సంగతి. 200 లీటర్లు 24 నుంచి 50కి కాగాలంటే 6 యూనిట్ల వేడి. అందులో 2 కరెంటువి, గాలినుంచి తీసేది 4. ఒక టన్ను ఏసీ గంటకి తీసేదే మూడున్నర. అంటే రోజు మొత్తానికీ ఓ గంట ఏసీ అన్నమాట, అదీ మనకి కావాల్సిన వేళకి రాదు, నీళ్ళు కాగే వేళకి వస్తుంది.

ఫార్వర్డు చెప్పనిది ఇంకోటుంది. చిన్న గీజర్ పావుగంటలో 15 లీటర్లు కాచి ఇస్తుంది. దీని ట్యాంకు ఖాళీ అయితే మళ్ళీ నిండుగా కాగడానికి గంటలు పడుతుంది. ఇక్కడివాళ్ళు నరక చతుర్దశి ముందురోజు నీరు తుంబువ హబ్బ చేస్తారు, అండా తోమి నీళ్ళు నింపి పూజ చేసిపెట్టుకుంటారు. హీట్ పంప్ ఉన్న ఇంట్లోనూ పండగ ముందురాత్రి ఆలోచన అదే ఉండాలి. తెల్లారి నాలుగున్నరకి పదిమంది తలంటుకి కూర్చుంటే ఏడో మనిషికి చన్నీళ్ళే.

"మెయింటెనెన్స్ జీరో."

ఇది రాసినవాడు బోరు నీళ్ళు చూడలేదు. మా స్నేహితుడింట్లో రెండేళ్ళ ట్యాంకు విప్పుతుంటే పక్కనే ఉన్నాను. ట్యాంకు తుప్పు పట్టకుండా తన ఒంటి మీదికి తీసుకునే మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది, ఆనోడ్ రాడ్ అంటారు. కొత్తగా ఉన్నప్పుడు బొటనవేలంత లావు. బయటికొచ్చింది మాత్రం గుల్లబారిన తీగ, అక్కడక్కడ సున్నం ముద్దలు. ప్లంబర్ దాన్ని నేలకి కొడితే విరిగింది. ఆరు నెలలు ఆగి ఉంటే తినడానికి కడ్డీ లేక తుప్పు ట్యాంకు మీద పడేది. ఏడాదికోసారి విప్పి చూడాల్సిందే. దాని ధర కొద్దిగానే ఉంటుంది, ట్యాంకు పోతే వేలల్లో. వారంటీ కాగితంలో నీళ్ళ గట్టితనం గురించి షరతుందేమో చదవండి. వేడిచేసే గొట్టం ట్యాంకు లోపల కాకుండా బయట చుట్టిన మోడల్ అయితే దానికి సున్నం పట్టే బెడద ఉండదు. మెషీన్ గాలి పీల్చేచోట ఉండే పల్చటి లోహపు రెక్కలు దుమ్ముకి పూడుకుపోతాయి, మన వీధుల్లో ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఇల్లు కడుతూనే ఉంటారు కదా. బ్రష్‌తో దులపాలి.

కరెంటు ఆదా అని నీళ్ళని ఎప్పుడూ 45 దగ్గరే ఉంచేవాళ్ళకి ఒక మాట. లెజియొనెల్లా అనే బాక్టీరియా గోరువెచ్చని నిల్వనీళ్ళలో పెరుగుతుంది. వారానికోసారి 60 దాటించండి. చాలా మెషీన్లలో దానికి సెట్టింగ్ ఉంటుంది.

"సోలార్ దండగ."

పైకప్పు మీద సోలార్ హీటర్ ఇప్పటికే ఉన్నవాళ్ళు ఈ వాక్యం చదవకండి. ఎండ ఉన్న రోజుల్లో దానికయ్యే కరెంటు సున్నా. మబ్బు రోజుల కోసం లక్ష పెట్టడం కంటే దాని బ్యాకప్ కాయిల్‌కి టైమర్ పెట్టుకోవడం నయం. టెర్రస్ మీ చేతిలో లేని అపార్ట్‌మెంట్ అయితే వేరే మాట. కరెంటు ప్యానెళ్ళున్నవాళ్ళు హీట్ పంప్‌ని మధ్యాహ్నం పూట నడిపించుకుంటే రెండూ భేషుగ్గా కలుస్తాయి.

"కేంద్ర సబ్సిడీ ఈ నెలాఖరు వరకే."

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకాన్ని చూసి ఎవరో ఇది అతికించారు. అందులో ఇచ్చేది ఇంటిపై కరెంటు ప్యానెళ్ళకి, 3 కిలోవాట్లు, ఆపైన అయితే 78,000 రూపాయలు. నీళ్ళు కాచే హీట్ పంప్‌కి అందులో పైసా లేదు. మా డీలర్ కూడా ఫోన్లో "సబ్సిడీ ఉంది సార్" అన్నాడు. సరే, ఆ మాట కొటేషన్ మీద రాసి సంతకం పెట్టి పంపు బాబూ అన్నాను. మూడు వారాలైంది. రోజూ గుడ్ మార్నింగ్ పంపిస్తున్నాడు, సంతకం పెట్టిన ఆ కొటేషన్ మాత్రం ఇంకా రాలేదు.