డబ్బా మీద ఒకటి, లోపల ఇంకొకటి

ఒక ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకోవడానికి కంప్యూటర్‌కి బయట తగిలించే డ్రైవ్) కొన్నాను. డబ్బా మీద 2 టీబీ అని ఉంది. కంప్యూటర్‌కి పెడితే అక్కడా 2 టీబీ అనే చూపించింది. వారం తర్వాత ఫొటోలు చూద్దామంటే సగం తెరుచుకోవడం లేదు. విప్పితే లోపల ఉన్నది చిన్న మెమరీ కార్డు! ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి, లేని జాగాని ఉన్నట్టు చెప్పించారు. నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీదే రాసుకుంటూ పోతాయి. పైకి మాత్రం అన్నీ చక్కగా కాపీ అయినట్టే కనిపిస్తుంది. నా కడుపు మండేది అక్కడే. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకుంటాం, ఆ ఫొటోలు ఎక్కడి నుంచి తేవాలి?

(1 టీబీ డ్రైవ్ విండోస్‌లో 931 జీబీగా కనిపించడం మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే.)

గ్రాఫిక్స్ కార్డులదీ ఇదే కథ. పాత జీటీఎక్స్ 550 టీఐ కార్డుకి బయోస్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి, దానికంటే కొత్త మోడలైన 1050 టీఐ అని అంటగట్టినవాళ్లున్నారు. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌తో చూస్తే బయటపడుతుంది సరే, కొత్త వస్తువు కొన్న ప్రతివాళ్లూ ఈ పరిశోధన ఎందుకు చేయాలి?

పెద్ద సైటే కదా అని నమ్ముతాం. చాలాసార్లు అమ్మేది ఆ సైటు కాదు, ఎవరో సెల్లర్. ఆ పేరు మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. రివ్యూలు చదివితే ఎప్పుడో ఫోన్ కవరుకు వచ్చిన ఐదు నక్షత్రాలు ఈ డ్రైవ్ కింద ఉంటాయి!

ఇప్పుడు ప్యాకెట్ విప్పేటప్పుడే వీడియో తీస్తున్నాను. రిటర్న్ గడువు లోపల హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే, డ్రైవ్‌లో నిజంగా ఎంత జాగా ఉందో పరీక్షించే ప్రోగ్రామ్‌తో డ్రైవ్ మొత్తం నింపి చూసేదాకా ఒక్క ఫైలు కూడా పెట్టను. దానికి గంటలకు గంటలు పడుతుంది. తప్పు వాళ్లది, పోయే టైమ్ నాది.