యూఆర్ఎల్‌లో కాపురమున్న పాస్‌వర్డ్ గారికి

గౌరవనీయులైన పాస్‌వర్డ్ గారికి,

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరున్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నుంచి రాస్తున్నాను. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, రోజూ కనిపిస్తూనే ఉన్నారు.

కోడ్ మార్పుల లెక్క చూసే గిట్‌లో, సర్వర్ నుంచి ప్రాజెక్టు కాపీ దింపే గిట్ క్లోన్ ఆదేశం కొట్టేటప్పుడు, యూఆర్ఎల్‌లో, అంటే వెబ్ చిరునామాలో, యూజర్‌నేమ్ పక్కన కోలన్, ఆ తర్వాత మీరు, ఆపైన ఎట్ గుర్తు. రిపో, అంటే ఆ ప్రాజెక్టు కోడ్ అంతా, నిమిషంలో దిగిపోతుంది, మీరు మాత్రం కదలరు. నెహ్రూ బస్టాండ్‌లో కిటికీలోంచి సీటు మీద వేసిన కర్చీఫ్‌లా డాట్ గిట్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్లో అందరికీ కనబడేలా ఉండిపోతారు. కొట్టిన ఆదేశాలన్నీ గుర్తుంచుకునే టెర్మినల్ హిస్టరీలో ఇంకో కాపీ. ఆ ఫోల్డర్ జిప్ చేసి గుంటూరు టీముకి పంపితే మీరూ వారధి దాటేస్తారు.

మొన్న క్లయింట్ కాల్‌లో "ఏ రిపో నుంచి తెచ్చావో చూపించు బాబూ" అన్నారు మేనేజర్ గారు. మా టీములో కుర్రాడు, రిపో చిరునామా చూపించే గిట్ రిమోట్ మైనస్ వీ కొట్టాడు. మీరు తెర మీద సాక్షాత్కరించారు. అవతల ఎవరో దగ్గారు. "హెచ్‌టీటీపీఎస్ కదండీ, సేఫే" అన్నాడు కుర్రాడు. దారిలో ఎవరూ చదవలేకుండా వెళ్తారు కాబట్టి సేఫే, ఎవరు కాదన్నారు! ఇల్లు చేరాకే కదా మీ వైభవం.

మిమ్మల్ని పొమ్మనడం కొత్త కాదు. హెచ్‌టీటీపీ యూఆర్ఎల్‌లో పాస్‌వర్డ్ కుదరదని 1994 నాటి ప్రమాణమే చెప్పింది. 2005లో ఆ పద్ధతినే వాడొద్దన్నారు. 2021 ఆగస్టు 13న, రిపోలు దాచుకునే సైటు గిట్‌హబ్, పాస్‌వర్డ్‌తో గిట్ పనులు ఆపేసింది. మీరు టోకెన్ (పాస్‌వర్డ్ బదులు సైటు తయారుచేసి ఇచ్చే రహస్య అక్షరాల వరస) వేషం కట్టుకుని అదే కుర్చీలో కూర్చున్నారు. 2022లో గిట్ 2.37 మిమ్మల్ని చూస్తే హెచ్చరించడానికో, ఆపేయడానికో ఒక సెట్టింగు తెచ్చింది. కానీ ఎవరూ ముట్టుకోకపోతే దాని జవాబు "రానివ్వండి" అనే. ఎంత మొహమాటమో!

పాస్‌వర్డ్ అక్కర్లేకుండా లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్ కీ పెట్టుకుందాం, పాస్‌వర్డ్‌ని యూఆర్ఎల్ బయట దాచే క్రెడెన్షియల్ హెల్పర్ వాడదాం అంటే "రిలీజ్ అయ్యాక చూద్దాం" అంటున్నారు. కుర్రాడు రిపో చిరునామా మార్చే రిమోట్ సెట్ యూఆర్ఎల్ ఆదేశం కొట్టి కాన్ఫిగ్‌లోంచి మిమ్మల్ని తుడిచేసి, ఇక పీడ వదిలిందని టీకి వెళ్లాడు. టోకెన్ రద్దు చేయడం ఎవరికీ తట్టలేదు. పైగా టోకెన్ తయారు చేసిన రోజునే దానికి గడువు లేకుండా పెట్టారట. కాబట్టి మీకేం టెన్షన్ లేదు.

ఇట్లు,
మీ ఎదురు సీట్లో డెవలపర్